పంజరం బయట నిలబడిన ఫైటర్: 13వ లెవెల్ దాటాక మా టేబుల్ దగ్గర ఏం జరిగింది

“వచ్చే వారం నుంచి డ్రూయిడ్‌గా రానా?”

మా డంజియన్స్ అండ్ డ్రాగన్స్ (పాత్రలు వేసుకుని డైస్‌తో కథ నడిపే ఆట) సెషన్ అయిపోయి అందరూ డైస్‌లు సంచుల్లో వేసుకుంటుంటే మా ఫైటర్ (కత్తివీరుడి పాత్ర ఆడేవాడు) అడిగిన మాట ఇది. కోపంగా అడగలేదు. ఆట మానేస్తానని బెదిరించనూ లేదు. కొత్త షీట్ కూడా రాసుకొచ్చేశాడు: 13వ లెవెల్ డ్రూయిడ్ (ప్రకృతి మాంత్రికుడు), స్పెల్స్ (మంత్రాల) జాబితాతో సహా, ముత్యాల్లాంటి అక్షరాలతో. అంటే ఆ రోజు సెషన్ మొదలవకముందే నిర్ణయం అయిపోయిందన్నమాట. ఒకటో లెవెల్ నుంచి రెండేళ్లకు పైగా పెంచుకున్న క్యారెక్టర్‌ని పక్కన పెట్టడానికి సిద్ధపడ్డాడు. డీఎం (డంజియన్ మాస్టర్, కథ నడిపేవాడు) కుర్చీలో కూర్చున్నవాడికి ఇంతకన్నా స్పష్టంగా ఎవరూ చెప్పలేరు.

“రెండు నెలలు ఆగరా. అప్పటికీ ఇదే మాటంటే డ్రూయిడ్‌నే తీసుకురా” అన్నాను. సరేనన్నాడు. ఆ రెండు నెలలు ఏడాదైంది. ఆ ఏడాదిలో నేను చేసిన మార్పులు, వాటిలో బెడిసికొట్టినవి, నిలబడినవి ఇక్కడ రాస్తున్నాను.

మేం ఆడేది డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్, 2014 నాటి రూల్స్‌తో. నలుగురు ఆటగాళ్లు: ఫైటర్, విజార్డ్ (మాంత్రికురాలు), క్లెరిక్ (గాయాలు మాన్పే పూజారి), రోగ్ (చాటు నుంచి కొట్టే దొంగ). పేర్లు చెప్పకుండా క్లాసులతోనే (పాత్రల రకాలతోనే) పిలుస్తాను. టేబుల్ దగ్గరా మేం అలాగే పిలుచుకుంటాం.

ఆ రోజు జరిగింది

కొండ కనుమలో అడల్ట్ రెడ్ డ్రాగన్. దాని గుహలో కాదు, బయట, కాబట్టి లెయిర్ యాక్షన్లు (సొంత గుహలో దానికి దక్కే అదనపు చర్యలు) లేవు. 256 హిట్ పాయింట్లు (ప్రాణబలం), ఏసీ 19 (దెబ్బ తగలాలంటే చేరాల్సిన అంకె), మూడు లెజెండరీ రెసిస్టెన్సులు. నలుగురికీ చెమటలు పట్టిస్తుందనుకున్నాను. మూడు వారాలు కథ నడిపి అక్కడిదాకా తెచ్చాను.

విజార్డ్ మొదటి టర్న్‌లోనే ఫోర్స్‌కేజ్ వేసింది. ఏడో లెవెల్ స్పెల్. 20 అడుగుల పంజరం, అరంగుళం మందం ఊచలు, ఊచల మధ్య అరంగుళం సందు. 2014 రూల్స్‌లో దీనికి సేవింగ్ త్రో (తప్పించుకోవడానికి వేసే డైస్, సేవ్) లేదు, కాన్సంట్రేషన్ (ఒకసారికి ఒక్క స్పెల్ మీదే నిలిచే ధ్యాస) అక్కర్లేదు, గంటసేపు ఉంటుంది, డిస్పెల్ మ్యాజిక్‌కి లొంగదు. ఓడిన సేవ్‌ని నెగ్గినట్టు మార్చుకోవడానికే కదా లెజెండరీ రెసిస్టెన్స్. సేవే లేనప్పుడు ఆ మూడూ చెల్లని నోట్లు.

కాన్సంట్రేషన్ ఇంకా చేతిలోనే ఉంది కాబట్టి తర్వాతి టర్న్‌లో సికెనింగ్ రేడియన్స్ వేసింది. నాలుగో లెవెల్ స్పెల్, పది నిమిషాలు ఉంటుంది. లోపల టర్న్ మొదలైనప్పుడల్లా కాన్‌స్టిట్యూషన్ సేవ్ వేయాలి. ఓడితే కొంత డ్యామేజ్, ఒక లెవెల్ ఎగ్జాషన్ (అలసట). ఆరు లెవెల్స్ చేరితే చావే. డ్రాగన్ సేవ్ +13, విజార్డ్ డీసీ (డైస్, కలుపు అంకె కలిసి చేరాల్సిన మొత్తం) 18. అంటే 20 ముఖాల డైస్ మీద 4 లేదా అంతకన్నా తక్కువ పడితేనే ఓటమి, 20 శాతం. తక్కువే అనిపిస్తుంది. కానీ పది నిమిషాలంటే వంద రౌండ్లు. మూడు రెసిస్టెన్సులు ఖర్చయ్యాక, ఎగ్జాషన్ మూడో లెవెల్ చేరి సేవులకు డిసడ్వాంటేజ్ (రెండు డైస్ వేసి తక్కువది తీసుకోవడం) వచ్చాక, సుమారు 40 రౌండ్లలో పని అయిపోతుంది. ఆట కాలంలో నాలుగు నిమిషాలు.

డ్రాగన్ నిప్పు ఊదేది 60 అడుగులు. వీళ్లు 90 అడుగుల దూరంలో నిలబడ్డారు.

ఫైటర్ గ్రేట్‌సోర్డ్ పట్టుకుని ముందుకు నడిచాడు. అరంగుళం సందులో అది దూరదు. “బాణం వెయ్యొచ్చా?” అని అడిగాడు. సందు చిన్నది కాబట్టి డిసడ్వాంటేజ్ అన్నాను. ఒక్క క్షణం షీట్ వైపు చూసుకుని, “వద్దులే” అని పెన్సిల్ కింద పెట్టాడు. 40 రౌండ్లు డైస్ వేయడం దండగని నేను నాలుగు వాక్యాల్లో డ్రాగన్ చావు చెప్పేశాను. విజార్డ్ ఆనందానికి అంతు లేదు, ఉండాలి కూడా. ఆ ఎత్తు తనే ఆలోచించి వేసింది. ఫైటర్ “బాగా ఆడావ్” అన్నాడు. నిజంగానే అన్నాడు. తర్వాత ఫోన్ తీశాడు.

నేను వేసిన తప్పు లెక్క

మొదట నాకు తట్టింది అందరికీ తట్టేదే: ఫైటర్‌కి దెబ్బ చాలట్లేదు, మంచి కత్తి ఇద్దాం. ఫ్లేమ్ టంగ్ ఇచ్చాను. తగిలిన ప్రతి దెబ్బకీ అదనంగా 2డీ6 (ఆరు ముఖాల డైస్ రెండు) నిప్పు.

ఇచ్చేముందు కాగితం తీసి ఉంటే ఆ పని చేసేవాణ్ని కాదు. 13వ లెవెల్‌లో అతనికి మూడు దాడులు. పాత +1 గ్రేట్‌సోర్డ్‌తో ఏసీ 19 మీద 65 శాతం తగులుతుంది, దెబ్బకి సగటున 13. క్రిటికల్స్ (డైస్ రెట్టింపయ్యే దెబ్బలు) వదిలేస్తే రౌండ్‌కి 25. అదే ఏసీ మీద విజార్డ్ ఎన్నిసార్లైనా వేయగల ఫైర్ బోల్ట్ స్పెల్ రౌండ్‌కి 10 కూడా రాదు. ఆరో లెవెల్ స్పెల్ డిసింటిగ్రేట్ 75 కొడుతుంది నిజమే, కానీ ఆ లెవెల్‌లో ఆరో లెవెల్ స్లాట్ (స్పెల్ వేస్తే ఖర్చయ్యే కోటా) ఒక్కటే. రోజంతా కలిపి చూస్తే దెబ్బల్లో ఫైటర్ ఎప్పుడూ వెనకబడలేదు. కొత్త కత్తితో రౌండ్‌కి 34 అయింది. దాంతో ఏమైంది? నాలుగు రౌండ్లు నడిచే పోరాటం మూడుకే ముగిసింది. మిగిలిన రౌండ్‌లో ఖర్చు కావాల్సిన స్లాట్ విజార్డ్ దగ్గరే ఉండిపోయింది. నేను ఫైటర్ చేతిలో కత్తి పెట్టి విజార్డ్ సంచి నింపాను!

రెండో తప్పు ఇంకా మొరటుది. మ్యాజిక్‌కి అడ్డుకట్ట వేద్దామనుకున్నాను. ఒక వారం రాక్షస వచ్చాడు. మన పురాణాల పేరే, కానీ ఆట పుస్తకంలో పులితల భూతం. ఆరో లెవెల్ దాకా ఏ స్పెల్లూ వాడికి అంటదు. మరో వారం వరసగా కౌంటర్‌స్పెల్ (ఎదుటివాడి స్పెల్‌ని ఆపే స్పెల్) వేసే శత్రువులు. ఆ తర్వాత బిహోల్డర్ అనే గాల్లో తేలే కళ్ల భూతం. దాని నడిమి కన్ను చూసిన మేర, 150 అడుగుల కోన్‌లో, మ్యాజిక్ పనిచేయదు.

ఆ బిహోల్డర్ సంగతి చెప్పాలి. అది గుహ కప్పుకి దగ్గరగా తేలుతోంది. ఫైటర్ వింగ్డ్ బూట్స్‌తో 60 అడుగులు పైకెగిరి దాని ఎదురుగా వెళ్లాడు. ఇంతకాలానికి తన రోజు వచ్చిందన్న వెలుగు ముఖంలో కనిపించింది. బిహోల్డర్ టర్న్ వచ్చింది. కన్ను తెరిచి విజార్డ్ వైపు తిప్పాను. మధ్యలో ఎవరున్నారో చూసుకోలేదు. మ్యాజిక్ వస్తువులు కూడా ఆ కోన్‌లో చచ్చుబడతాయి. కత్తి మంట ఆరిపోయింది. బూట్ల రెక్కలు ముడుచుకున్నాయి. మనవాడు 60 అడుగుల నుంచి కింద పడ్డాడు, 6డీ6, 27 పాయింట్లు. స్పెల్ లేక విజార్డ్ గోడ వెనక ఖాళీగా కూర్చుంది. ఒకే కంటితో ఇద్దరినీ కూల్చేశాను.

సెషన్ తర్వాత విజార్డ్ ఆడే అమ్మాయి నా దగ్గరకొచ్చి, “అన్నా, నా స్పెల్స్ నచ్చకపోతే ముందే చెప్పొచ్చుగా” అంది. తలెత్తలేకపోయాను. ఒకరి కుర్చీ లాగేసి ఇంకొకరిని కూర్చోబెడితే టేబుల్ దగ్గర ఖాళీ కుర్చీ అలాగే ఉంటుంది.

రికార్డింగులు విన్నాను

నోట్స్ కోసం మా సెషన్లు ఫోన్‌లో రికార్డు చేసుకుంటాం. అంతకు ముందు ఐదు సెషన్లవి వరసగా విన్నాను. రెండు సంగతులు తేలాయి.

మొదటిది నా నిర్వాకమే. ఆ ఐదింటిలోనూ ఆట లోకంలో ఏ ఒక్క రోజూ మూడు పోరాటాలు దాటలేదు. చాలా రోజులు ఒక్కటే, పెద్దది. 2014 డీఎం పుస్తకం రోజుకి ఆరు నుంచి ఎనిమిది మధ్యస్థ లేదా కఠిన పోరాటాలు తట్టుకునేలా జట్టుని లెక్కగట్టింది. 13వ లెవెల్ విజార్డ్‌కి మొత్తం 17 స్లాట్లు. ఆరు పోరాటాలు, ఒక్కోటి నాలుగు రౌండ్లు అనుకుంటే 24 రౌండ్లకి 17 స్లాట్లు, అందులో ఆరో లెవెల్‌ది ఒకటి, ఏడోది ఒకటి. అప్పుడు ఫోర్స్‌కేజ్ ఎక్కడ వాడాలన్నది నిజమైన బెంగ. ఒకే పోరాటం ఉన్న రోజున బెంగేముంది, మంచివన్నీ అక్కడే కుమ్మరిస్తారు. ఫైటర్‌కి రోజంతా అలుపు రాకపోవడమే బలం. నేను రోజుని అరగంటకి కుదించి ఆ బలాన్ని మాయం చేశాను.

రెండోది వినేదాకా నాకు తట్టలేదు. ఫైటర్ మాటలన్నీ ప్రశ్నలు. “దూకగలనా?” “ఈ తలుపు పగులుతుందా?” “వాడు భయపడతాడా?” విజార్డ్ మాటలన్నీ చివర చుక్క పెట్టినవే. “టెలిపోర్ట్ వేస్తున్నా.” “గోడ పెట్టేశా.” స్పెల్ ఎవరినీ అనుమతి అడగదు. పుస్తకంలో ఏం రాసుందో అదే జరుగుతుంది, డీఎం తల ఊపాలి. ఫైటర్ ఏం చేయాలన్నా నా ముఖం చూసి, నేను చెప్పిన డీసీకి డైస్ వేసి, నెగ్గితేనే జరుగుతుంది. లెవెల్ పెరిగేకొద్దీ విజార్డ్ చెప్పగలిగే మాటలు పెద్దవవుతాయి: ఎగురుతాను, గోడ కడతాను, లోకం మారతాను. ఫైటర్‌కి పెరిగేది ఒక్కటే, “కొడతాను” అన్నది ఎన్నిసార్లు చెప్పొచ్చో: 5వ లెవెల్‌లో రెండు, 11లో మూడు, 20లో నాలుగు.

అతను ఆడాలనుకున్నది డ్రూయిడ్ కాదు. చుక్క పెట్టి మాట్లాడాలనుకున్నాడు.

పాతవాళ్లు వేసిన బ్రేకులు

ఇది ఈ ఎడిషన్‌తో పుట్టిన రోగం కాదు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ఆటలోనే పెద్ద లెవెల్ మాంత్రికుడు భయంకరుడు. కానీ ఆ తర్వాత వచ్చిన అడ్వాన్స్‌డ్ ఎడిషన్‌లో వాడికి చాలా బ్రేకులుండేవి. లెవెల్‌కి నాలుగు ముఖాల డైస్ హిట్ పాయింట్లు. స్పెల్ పలికేలోపు దెబ్బ తగిలిందా, స్పెల్ పోయినట్టే. ఫైటర్ 9వ లెవెల్‌కి కోట కట్టుకుంటే సైనికులు తామే వచ్చి చేరేవారు.

అన్నిటికన్నా నన్ను ఆపింది సేవుల పట్టిక. అప్పట్లో సేవ్ నెగ్గడం ఎదుటి మాంత్రికుడి తెలివిని బట్టి కాదు, నీ లెవెల్‌ని బట్టి ఉండేది. 17వ లెవెల్ ఫైటర్‌కి స్పెల్స్ మీద 6 పడితే చాలు, 75 శాతం. 2000లో మూడో ఎడిషన్ ఆ లెక్కని తిరగేసి, వేసేవాడి సామర్థ్యం పెరిగేకొద్దీ డీసీ పెరిగేలా చేసింది. ఐదో ఎడిషన్‌లో ప్రొఫిషెన్సీ (క్లాసు ఇచ్చే నైపుణ్యం) లేని సేవ్ లెవెల్‌తో పాటు అసలు పెరగదు. మా ఫైటర్ విజ్‌డమ్ సేవ్ ఒకటో లెవెల్‌లో +1, 13లోనూ +1. అడల్ట్ రెడ్ డ్రాగన్ ఎదురుపడితే భయం సేవ్ డీసీ 19. పదిహేను శాతం! ఊళ్లకి ఊళ్లు కాపాడిన వీరుడు డ్రాగన్‌ని చూసి వంద సార్లలో 85 సార్లు కాళ్లు వణికి ఆగిపోతాడన్నమాట.

2008లో నాలుగో ఎడిషన్ అందరికీ ఒకే అచ్చు పోసింది. ఫైటర్‌కీ విజార్డ్‌కీ ఎప్పుడైనా వాడేవి, పోరాటానికోసారి వాడేవి, రోజుకోసారి వాడేవి. తూకం కుదిరింది. అందరూ ఒకేలా ఉన్నారని చాలామందికి నచ్చలేదు. నాకు ఆ ఎడిషన్ మీద ఉన్న గౌరవం ఎక్కువే, కానీ ఆ చర్చ ఇక్కడ వద్దు.

మార్చినవి

నలుగురినీ కూర్చోబెట్టి రికార్డింగుల్లో విన్నది చెప్పాను. ముందు విజార్డ్‌ని అడిగాను, ఫోర్స్‌కేజ్‌ని ఏం చేద్దామని. తనే అంది, “కాన్సంట్రేషన్ పెట్టన్నా, కెంపుల పొడి కూడా ఖర్చయిపోయేలా చెయ్.” 1,500 బంగారు నాణేల పొడి. 2014 రూల్స్‌లో అది చేతిలో ఉంటే చాలు, అరగదు. ఈ రెండు మార్పులే 2024 కొత్త రూల్స్‌లోనూ ఉన్నాయి, కాబట్టి మాది మరీ ఇంటి వైద్యం కాదు. కాన్సంట్రేషన్ ఒక్కటి పెడితే చాలు, పంజరం ప్లస్ రేడియన్స్ జంట విడిపోతుంది.

రెస్ట్ (షార్ట్ అయితే కొన్ని శక్తులు, లాంగ్ అయితే స్లాట్లన్నీ తిరిగిచ్చే విశ్రాంతి) దగ్గర మొదట పుస్తకంలోని వేరియంట్ పెట్టాను, షార్ట్ రెస్ట్ ఎనిమిది గంటలు, లాంగ్ రెస్ట్ ఏడు రోజులు. రెండు సెషన్లకే తీసేశాను. మేజ్ ఆర్మర్ లాంటి ఎనిమిది గంటల స్పెల్స్ ఒక్క షార్ట్ రెస్ట్‌తో అయిపోతున్నాయి. గడియారాన్ని సాగదీస్తే స్పెల్స్ కాలపరిమితులన్నీ చెడతాయి. గడియారం ముట్టుకోకుండా చోటు మార్చాం: షార్ట్ రెస్ట్ ఎప్పటిలాగే గంట, లాంగ్ రెస్ట్ లాభం మాత్రం కాపలా ఉన్న ఊళ్లోనో కోటలోనో నిద్రపోతేనే. అడవిలో టైనీ హట్ (మంత్రపు గుడిసె) వేసుకుని పడుకుంటే షార్ట్ రెస్టే. విజార్డ్ ఆర్కేన్ రికవరీ (కొన్ని స్లాట్లు తిరిగిచ్చే శక్తి) కూడా లాంగ్ రెస్ట్‌కి ఒకసారే. ఇప్పుడు ఒక సాహసం మొత్తం ఒకే స్లాట్ల మూటతో నడుస్తుంది, అది ఆట లోకంలో ఒక రోజైనా నాలుగు రోజులైనా. ఫైటర్ యాక్షన్ సర్జ్ (ఒక టర్న్‌లో అదనపు చర్య) ప్రతి షార్ట్ రెస్ట్‌కీ తిరిగొస్తుంది.

సేవ్ సంగతి 2024 రూల్ ఎత్తుకొచ్చి తేల్చేశాను. ఇన్‌డామిటబుల్‌తో సేవ్ మళ్లీ వేసినప్పుడు ఫైటర్ లెవెల్ కూడా కలుస్తుంది. పాత పద్ధతిలో రెండోసారి వేసినా కలిపి 28 శాతమే. ఇప్పుడు రెండోసారి +14, అంటే డీసీ 19కి 5 పడితే చాలు. రెండూ కలిపి 83 శాతం. పాత అడ్వాన్స్‌డ్ ఎడిషన్ ఫైటర్‌కి దగ్గరగా వచ్చాడు.

ఇక అసలు పని. చిన్న అట్టముక్కల మీద ఒక్కో వాక్యం రాసి ఫైటర్‌కిచ్చాను. వాటికి డైస్ లేదు, నా అనుమతి లేదు. కార్డు తిప్పి వాక్యం చదివితే అది జరిగిపోతుంది. వీటికి “చెప్పు కార్డులు” అని పేరు పెట్టబోయాను. రోగ్ వెంటనే కాలి వైపు చూపించి “ఏ సైజు?” అన్నాడు. పేరు మార్చి “మాట కార్డులు” అన్నాం.

“ఈ గోడ పడిపోతుంది.” అందుబాటులో ఉన్న ఒక గోడ, తలుపు, ఫోర్స్‌తో చేసిన అడ్డం కూడా. డిసింటిగ్రేట్ తగిలినట్టే. షార్ట్ రెస్ట్‌కి ఒకసారి.

“ఆ మాట పూర్తికాదు.” కత్తి అందే దూరంలో ఎవడైనా స్పెల్ వేస్తుంటే, ఇతరుల టర్న్‌లో దొరికే ఒక్క చర్య అయిన రియాక్షన్‌తో ఒక దెబ్బ. తగిలితే స్పెల్ ఆగిపోతుంది, స్లాట్ మాత్రం పోదు. దీనికి కొట్టే డైస్ ఉంది కాబట్టి మిగతావాటికన్నా కొంచెం తేడా. పాత ఎడిషన్ బ్రేక్‌ని ఫైటర్ చేతికిచ్చానంతే. స్పెల్ వేసేవాణ్ని కొట్టనిచ్చే మేజ్ స్లేయర్ ఫీట్ (అదనపు నైపుణ్యం) ఉందిగా అని అడుగుతారు. 2014 రూల్స్‌లో ఆ దెబ్బ స్పెల్ పడ్డాకే, చచ్చినవాడు దెబ్బ తీర్చుకున్నట్టుంటుంది.

“నన్ను దాటి పోలేవు.” పది అడుగుల్లో ఉన్నవాడెవడూ ఒక రౌండ్ పాటు అతన్ని దాటలేడు, ఏ దారిలోనూ. దీని గురించి చివర్లో మళ్లీ చెప్తాను.

“నా పేరు విన్నావుగా.” సాహసానికి ఒకసారి ఒక కాపలాదారో, ఒక దళనాయకుడో, ఒక కోట అధిపతో అతని మాట వింటాడు. దీంతో పాటు కథలో 200 మంది సైనికులున్న కోటొకటి అతని చేతికొచ్చింది. టెలిపోర్ట్ విజార్డ్‌తో పాటు ఎనిమిది మందిని తీసుకెళ్తుంది. నగరం నాలుగు గోడలూ ఒకేసారి కాయాలంటే 200 మంది కావాలి. అప్పటి నుంచి ముట్టడి కథలు ఎక్కువ రాశాను.

రోగ్‌కి కూడా రెండు కార్డులిచ్చాను. ఇవ్వకపోతే నన్ను బతకనిచ్చేవాడు కాదు.

లిచ్ హాలు, 15వ లెవెల్

మార్పులు పనిచేశాయో లేదో తెలిసింది ఇక్కడే. ఒకే మూటతో ఆరో పోరాటం. విజార్డ్ దగ్గర మిగిలింది మూడో లెవెల్ స్లాట్ ఒకటి, ఒకటో లెవెల్‌వి రెండు. ఆరో లెవెల్ స్లాట్ మూడో పోరాటంలోనే పోయింది, అంటే డిసింటిగ్రేట్ లేదు. ఎదురుగా లిచ్ (చచ్చినా చావని మాంత్రికుడు): 135 హిట్ పాయింట్లు, ఏసీ 17. వాడి జాబితాలో క్లౌడ్‌కిల్ తీసేసి వాల్ ఆఫ్ ఫోర్స్ (కనిపించని గోడ) పెట్టాను. మొదటి టర్న్‌లోనే అదేసుకుని వెనక తన క్రతువు మొదలుపెట్టాడు.

టేబుల్ నిశ్శబ్దం. ముగ్గురూ విజార్డ్ వైపు చూశారు. అలవాటు. తను రెండు చేతులూ ఖాళీగా చూపించింది.

ఫైటర్ అట్టముక్క తీసి టేబుల్ మీద తిప్పాడు. “ఈ గోడ పడిపోతుంది.” విజార్డ్ గట్టిగా నవ్వి, “అది నా డైలాగ్!” అంది.

ఆ తర్వాత జరిగింది నేను ప్లాన్ చేసింది కాదు, అందుకే రాస్తున్నాను. ఫైటర్ ముందుకురికి యాక్షన్ సర్జ్‌తో ఆరు దాడులు మొదలుపెట్టాడు. మొదటి దెబ్బకే లిచ్ రియాక్షన్‌తో షీల్డ్ వేశాడు, ఏసీ 22. ఆరులో మూడే తగిలాయి, 55 పాయింట్లు. లిచ్ టర్న్ రాకముందు వాడి పారలైజింగ్ టచ్ (కదలకుండా చేసే స్పర్శ) ఒకటి, ఫైటర్ సేవ్ నెగ్గాడు. లిచ్ టర్న్‌లో పవర్ వర్డ్ స్టన్. 150 లేదా తక్కువ హిట్ పాయింట్లున్నవాడు సేవ్ లేకుండా స్తంభించిపోతాడు. ఫైటర్ నిండుగా ఉన్నా 139. ఇక్కడ ఫైటర్ ఆగిపోతే అందరూ పోయినట్టే.

విజార్డ్ చివరి మూడో లెవెల్ స్లాట్‌తో కౌంటర్‌స్పెల్ అంది. ఎనిమిదో లెవెల్ స్పెల్‌ని ఆపాలంటే డీసీ 18, తనకి +5, డైస్ మీద 13 కావాలి, 40 శాతం. మామూలుగానైతే లిచ్ తన కౌంటర్‌స్పెల్‌తో దాన్నీ ఆపేవాడే. వాడి రియాక్షన్ షీల్డ్‌తోనే పోయిందని మొదట అనుకున్నాను, అది నా పొరపాటు. రూల్ ప్రకారం తన టర్న్ మొదలవగానే వస్తుంది. నేను ఎదురు కౌంటర్‌స్పెల్ ప్రకటించబోతుంటే క్లెరిక్ ఆపాడు: “బాబూ, వాడి మూడో లెవెల్ స్లాట్లు మూడూ అయిపోయాయి, నువ్వే గీతలు పెట్టావ్.” నిజమే. హాల్లోకి రాకముందు దూరం నుంచి వేసిన ఫైర్‌బాల్స్‌తో అయిపోయాయి. పై స్లాట్‌తో వేయొచ్చు, కానీ అవి పారిపోవడానికి దాచుకున్నవి. లిచ్ పిరికివాడని ముందే రాసుకున్నాను, దాచుకున్నాడు. డైస్ పడింది, 14. స్పెల్ ఆరిపోయింది.

తర్వాతి రౌండ్ ఫైటర్ రెండు దెబ్బలు, 38. రోగ్ గురి తప్పాడు. లిచ్‌కి 42 మిగిలాయి. వేరే లోకానికి పారిపోయే స్పెల్, ప్లేన్ షిఫ్ట్ మొదలుపెట్టాడు. నేను “వేళ్లు కదుపుతున్నాడు, పెదాలు...” అంటుండగానే రెండో అట్టముక్క తిరిగింది. తగిలింది. మాట పూర్తికాలేదు. చంపింది మాత్రం రోగ్, వెనక నుంచి. ఫైటర్‌కి అది పట్టలేదు. ఇంటికెళ్తూ విజార్డ్‌తో, “నీ 14 పడకపోతే నేనక్కడ బొమ్మలా నిలబడేవాణ్ని” అన్నాడు. తను “నీ గోడ పడకపోతే నేనూ అంతే” అంది.

కుదరనివి

క్లెరిక్‌కి అన్యాయం జరిగింది. రెస్ట్‌లు దూరమయ్యేసరికి స్లాట్లన్నీ గాయాలు మాన్పడానికే పోతున్నాయని మూడు నెలలు ఓపికపట్టి చెప్పాడు. ఇప్పుడు షార్ట్ రెస్ట్‌లో ప్రతి ఒక్కరూ ప్రాణబలం తిరిగి తెచ్చుకోవడానికి ఖర్చుపెట్టే మొదటి రెండు హిట్ డైస్‌లకి గరిష్ఠ విలువ వస్తుంది. కొంత ఊపిరి పీల్చుకున్నాడు. పూర్తిగా కాదు.

టెలిపోర్ట్ వచ్చాక ప్రయాణం కథలు చచ్చిపోయాయి. వాటిని బతికించే ప్రయత్నమే మానేశాను. 17లో విష్ (దాదాపు ఏ కోరికైనా తీర్చే స్పెల్) వచ్చినప్పుడు, ఎనిమిదో లెవెల్ దాకా ఉన్న స్పెల్స్‌ని అనుకరించడానికే వాడతానని విజార్డ్ తనంతట తానే మాటిచ్చింది. అదే లెవెల్‌లో ఒకసారి మీటియర్ స్వార్మ్ కూడా వేసింది, 40డీ6, సగటున 140, ఒక సైన్యం మొత్తం మీద. దాన్ని చూసి అందరికన్నా గట్టిగా కేకలేసింది ఎవరనుకున్నారు, ఫైటరే. విజార్డ్ కొట్టే దెబ్బ అతన్ని ఏనాడూ బాధించలేదు.

“నన్ను దాటి పోలేవు” కార్డు ఇంకా తేలలేదు. టెలిపోర్ట్‌ని కూడా ఆపుతుందా? ఏ దారిలోనూ అని రాసింది నేనే, కాబట్టి ఆపుతుందంటాడు ఫైటర్. అయితే మిస్టీ స్టెప్ (దగ్గరి దూరం టెలిపోర్ట్ స్పెల్) ఎందుకు నేర్చుకున్నట్టు అంటుంది విజార్డ్, శత్రువు చేతిలో అలాంటి కార్డుంటే తన గతేమిటని. నిజంగానే వచ్చే సాహసంలో శత్రువుల వైపు ఒక సేనానికి ఆ కార్డు ఇచ్చాను. వాళ్లకింకా చెప్పలేదు. డ్రూయిడ్ షీట్ నా ఫోల్డర్‌లోనే ఉంది, ఇంకా 13వ లెవెల్‌లోనే.